లైనులోకి దూరిన గొంతు

విశ్వపతి నాడి పడిపోతోంది.

తెర మీది ఆకుపచ్చ గీత అంతకంతకూ చదునవుతోంది. డ్యూటీ డాక్టరు మరో ఇంజెక్షను ఇచ్చి ఫలితం కోసం చూస్తున్నాడు. మంచం మీది మనిషి మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. అందరినీ భయపెడుతున్నదీ అదే.

"ఎలా ఉంది?" కాత్యాయని భర్త మీదికి వంగి అడిగింది.

"ఫరవాలేదండీ," అన్నాడు విశ్వపతి ప్రశాంతంగా. "మీరు చాలాసేపట్నుంచి నిలబడే ఉన్నారు. కాసేపు కూర్చోండి."

ఇన్నేళ్ళ కాపురంలో అతను కట్టుకున్న పెళ్ళాన్ని ఏనాడూ 'మీరు' అనలేదు. ఈ ఏడాదే మొదలుపెట్టాడు.

అద్దానికి అవతలి గదిలో కంప్యూటర్ల ముందున్న ఇమ్రాన్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "మేడమ్, లైనులో ఎవరో దూరారు."

డైరెక్టర్ ఎస్తేరు రెండంగల్లో అతని పక్కకు చేరింది. నల్లటి తెర మీద విశ్వపతి చెవిలోకి వెళ్తున్న మాటల రంగులు పరుగెడుతున్నాయి. ఎరుపు, ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. ఎవరో బయటి మనిషి, ఎవరి అనుమతీ లేకుండా, చావుబతుకుల్లో ఉన్న రోగి చెవిలో నేరుగా మాట్లాడుతున్నాడు.

"పోటీ కంపెనీ వాళ్ళ పనే. మూసెయ్," అంది ఎస్తేరు.

సరిగ్గా అప్పుడే కాత్యాయని ఆకుపచ్చ గీత వైపు చూసింది. అది లేస్తోంది. మందులకు లేవని గీత, ఎవడో తెలియని వాడి మాటలకు లేస్తోంది.

"ఆగు, ఇమ్రాన్," అంది.

అరవాలనే అనుకుంది. కానీ ఆ మాట టీలో చక్కెర చాలన్నంత నెమ్మదిగా బయటికొచ్చింది. ఇమ్రాన్ ఆపాలని కూడా అనుకోలేదు. మీట నొక్కేశాడు. రంగులు ఆగిపోయాయి. రెండు నిమిషాల్లో ఆకుపచ్చ గీత ఇంతకు ముందుకన్నా కిందికి జారింది.

ఇమ్రాన్ పాత రికార్డులు తెరిచి చూసి తల పట్టుకున్నాడు. ఆ గొంతు రావడం ఇది మొదటిసారి కాదు. కొన్ని వారాలుగా దాదాపు ప్రతి మధ్యాహ్నం వస్తోంది. వచ్చిన ప్రతిసారీ విశ్వపతి గుండె ఆ పూటకు కుదుటపడింది. డాక్టర్లు తమ మందుల గొప్పతనం అనుకున్నదంతా నిజానికి ఆ దొంగ గొంతు పుణ్యం. ఆ ఒక్క ఆధారాన్నీ ఇప్పుడు వీళ్ళే తెంపేశారు.

"సాయంత్రం దాకా నిలబడితే గొప్పే," అన్నాడు డాక్టరు, కాత్యాయని ముఖంలోకి చూడకుండా.

*

ఇదంతా మొదలైంది కారు తాళాల దగ్గర.

కాత్యాయని ఇంజనీరు. విశ్వపతి జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టారు. ఒకరోజు అతను తాళాలెక్కడని అడిగితే, నీ వస్తువులు నువ్వు చూసుకోలేవా అని ఆమె కసిరింది. అతను అలిగి బస్సెక్కి పోయాడు. అలాంటి గొడవలు పేరుకుపోయి చివరికి ఇద్దరూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళారు. ట్రాన్సాక్షనల్ అనాలిసిస్ అనే మాట అక్కడే మొదటిసారి విన్నారు. ప్రతి మనిషిలోనూ ముగ్గురుంటారని ఆ కౌన్సెలర్ చెప్పింది. అదిలించే పెద్ద, అలిగే పసిపిల్ల, ఆలోచించి బదులిచ్చే వివేకి. విశ్వపతిలోని వివేకి తాళాల గురించి అడిగాడు, కాత్యాయనిలోని పెద్ద బదులిచ్చింది, దాంతో అతనిలోని పసివాడు అలిగాడు. అంతే సంగతి.

ఆ పాఠం నిజంగానే పనిచేసింది. ఆ తర్వాత గొడవ మొదలైతే ఎవరో ఒకరు మధ్యలో ఆగేవారు. "ఇప్పుడు మాట్లాడింది నువ్వా, మీ నాన్నా?" అని విశ్వపతి అడిగితే ఆమెకు కోపం పోయి నవ్వొచ్చేది. ఆ రోజులకు కాత్యాయని ఇప్పటికీ రుణపడి ఉంది.

అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ ఆమె ఇంజనీరు. మనిషి ప్రయాసపడి చేసే పనిని యంత్రం చేత చేయించడమే ఆమె వృత్తి. రుషికొండ దగ్గరి ఈ ప్రయోగశాలలో చేరి 'సమస్వరం' తయారుచేసింది. బియ్యపు గింజంత పరికరం. చెవి వెనక నరం మీద కూర్చుంటుంది. ఎదుటివాళ్ళ మాటల్లోని పెద్దరికపు ఎరుపునూ పసితనపు పసుపునూ వడగట్టి, వివేకపు నీలాన్ని మాత్రమే చెవికి చేరుస్తుంది. లోపలినుంచి వచ్చే మాటనూ అలాగే వడగడుతుంది. ఇక మాటకు మాట అడ్డం పడదు.

గింజను మొదట పెట్టించుకుంటానన్న మనిషి ఆపరేషన్ రోజు భయపడి రాలేదు. ప్రాజెక్టు ఆగిపోయేలా ఉంటే విశ్వపతి సెలవు పెట్టి వచ్చి ఆ బల్ల మీద పడుకున్నాడు. "నీ గింజేదో నాకే పెట్టు. ఎలాగూ నా చెవిలో ఇల్లు కట్టుకున్నావుగా," అన్నాడు. కాత్యాయని మాత్రం చర్మం మీద అతికించుకునే రకంతో సరిపెట్టుకుంది.

ఏడాదిపాటు ఇంట్లో ఒక్క గొడవ లేదు. కూరలో ఉప్పెక్కువైతే విశ్వపతి మాట్లాడకుండా తిన్నాడు. ఆమె ఆలస్యంగా వస్తే కారణమడిగి, సరేనండీ అన్నాడు. కింది ఫ్లాటు ఆయనతో నాలుగేళ్ళుగా నడుస్తున్న యుద్ధం కూడా ముగిసింది. పై బాల్కనీలో ఆరేసిన బట్టల నీళ్ళు తన పడక్కుర్చీ మీద పడుతున్నాయని ఆయన రోజూ కిందినుంచి అరిచేవాడు. విశ్వపతి ఒకనాడు కిందికి వెళ్ళి చేతులు జోడించి క్షమాపణ చెప్పి, తీగను లోపలికి మార్పించాడు. ఆ సాయంత్రం మెట్ల దగ్గర కింది ఫ్లాటు ఆయన కాత్యాయనిని ఆపి, మాస్టారికి ఒంట్లో బాగోలేదేటని అడిగాడు. తిక్క ముసలాడనుకుని ఆమె తప్పుకుంది.

ఆ తర్వాతే విశ్వపతికి ఆకలి తగ్గింది. నవ్వు పోయింది. ఒక రోజు కాలేజీ మెట్ల మీద కూర్చుని లేవలేకపోయాడు. గుండెలో లోపమేమీ లేదు. కొట్టుకోవాలన్న ఆసక్తి దానికి లేదంతే. గింజ చుట్టూ నరం పెరిగిపోయింది కాబట్టి దాన్ని ఒక్కసారిగా పీకడానికి వీల్లేదు. కొద్దికొద్దిగా దాని బలం తగ్గించుకుంటూ రావాలి. అంతవరకూ గుండె నిలబడాలి.

కౌన్సెలర్ చెప్పిన మరో పాఠం కాత్యాయనికి ఇప్పుడు గుర్తొచ్చింది. మనిషికి అన్నం ఎంతో పలకరింపూ అంతేనని ఆవిడ చెప్పింది. మంచి పలకరింపు దొరక్కపోతే మనిషి తిట్లకైనా సిద్ధపడతాడు గానీ ఏదీ లేకుండా బతకలేడు. పలకరింపును కొలిచే సాధనం లేదు కాబట్టి కాత్యాయని ఆ పాఠాన్ని పరికరం లెక్కలోంచి తీసేసింది.

*

"ఆ లైనులో నేను మాట్లాడతాను," అంది కాత్యాయని.

దాన్ని పాఠం లైను అంటారు. మొదటి వారాల్లో గింజ నేర్చుకోవడానికి దగ్గరివాళ్ళ మాటలను వడగట్టకుండా నేరుగా చెవిలోకి పంపిన దారి అది. ఇవాళ ఇమ్రాన్ మూసేదాకా దాన్ని ఎవరూ మూయలేదు. దాంట్లో తిడితే విశ్వపతికి ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఎస్తేరు ఒప్పుకుంది. కాత్యాయని మెడ మీది అతుకు పీకేసి మైకు అందుకుంది.

తిట్టింది. ఉన్న కోపమంతా తెచ్చుకుని తిట్టింది. బాత్రూములో తడి తువాలు, కాలేజీ నుంచి తెచ్చి సోఫా నిండా పరిచే జవాబు కాగితాలు, ఆమె పుట్టినరోజు మరిచిపోయిన సంగతి, ఒక్కటీ వదల్లేదు.

ఇమ్రాన్ తెర వైపు చూసి చూపు దించుకున్నాడు. అంతా నీలమే.

"మేడమ్, మీరు తిడుతుంటే బ్యాంకు వాళ్ళు మాట్లాడుతున్నట్టుంది," అన్నాడు జాలిగా.

ఏడాదిగా గొంతు మీద అతుకు పెట్టుకుని తిరిగిన మనిషి కసరడం మరిచిపోయింది. భర్త చచ్చిపోతున్నాడని తెలిసి కూడా ఆమె గొంతు వణకలేదు. ఆ క్షణంలో ఆమెకు విశ్వపతి కన్నా తన మీదే ఎక్కువ భయం వేసింది.

ఎస్తేరు పోలీసులకు ఫోను చెయ్యాలంది. కాత్యాయని ఒక్క నిమిషం ఆగమని, దొంగ గొంతు రికార్డులను మళ్ళీ పెట్టించింది. లైనులో మాటలు నమోదు కావు, రంగులే ఉంటాయి. ఎరుపు, పసుపు, ఖాళీ. ఎరుపు, ఎరుపు, ఖాళీ. ప్రతి రోజూ అదే వరస.

"ఆ ఖాళీలు చూడు," అంది ఇమ్రాన్‌తో. "దాడి చేసేవాడు మధ్యలో ఎందుకాగుతాడు? ఇతను జవాబు కోసం ఆగుతున్నాడు. మా ఆయన ఎంతసేపు మాట్లాడతాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఇతనికి తెలుసు."

"మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా దొరికింది మేడమ్." ఇమ్రాన్ గొంతు తగ్గించాడు. "పాఠం లైను కోసం మీ ఇంట్లో పెట్టిన పెట్టె నుంచి."

కాత్యాయని చెయ్యి అప్రయత్నంగా హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది. ఇంటి తాళాలు అందులోనే ఉన్నాయి. ఆమె ల్యాబ్‌లోని ఆసుపత్రి గదికి మకాం మార్చినప్పట్నుంచీ ఆ ఫ్లాటు తాళం వేసే ఉంది.

ఇద్దరూ కారులో ఆ ఫ్లాటున్న మర్రిపాలెం చేరారు. ఇమ్రాన్ మెట్లెక్కుతూ దారిలో ఎవరిదో గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. తలుపు తెరిచారు. హాలు, వంటిల్లు, పడగ్గది అన్నీ చూశారు. నేల మీద దుమ్ములో ఒక్క అడుగు జాడ లేదు. మూలన పెట్టె మాత్రం పచ్చ దీపంతో మినుకుమంటోంది. దానికి మహా అయితే నాలుగు గోడల అవతలి మాట అందుతుంది.

ఇల్లు ఆ వేళప్పుడు ఎలా ఉంటుందో కాత్యాయనికి తెలియదు. మధ్యాహ్నాలు ఆమె ఎప్పుడూ ల్యాబ్‌లోనే ఉండేది. విశ్వపతి కాలేజీ నుంచి ఒక్కడే వచ్చి, అన్నం పెట్టుకుని తిని, బట్టలు ఆరేసేవాడు. ఆ వేళ అతను ఎవరితో మాట్లాడేవాడు? ప్రపంచంలో మొగుడూపెళ్ళాలందరి సంబంధాలూ బాగుచెయ్యడానికి బయల్దేరిన మనిషికి తన మొగుడి మధ్యాహ్నాల గురించి ఏమీ తెలియదు.

గాలి కోసం బాల్కనీ తలుపు తీసింది. కిందినుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"ఏటి మాస్టారూ, ఇయ్యాల పలకవేటి? మూగనోము పట్టినావేటి? నీ బట్టల నీళ్ళు పడక నా కుర్చీ ఎండి పగిలిపోతంది. దానికి డబ్బులు నీ బాబిస్తాడా?"

కాత్యాయని పిట్టగోడ మీంచి వంగి చూసింది. కింది బాల్కనీలో పడక్కుర్చీ. అందులో కింది ఫ్లాటు ఆయన. బనీను, భుజం మీద తువాలు. నోటి దగ్గర గుండీ అంత మైకు. పాఠం లైను కోసం పంచినవాటిలో పోయిందని ల్యాబ్‌లో రాసుకున్న మైకు.

"ఒక్క మాటైనా ఆడు. నన్ను తిట్టు. తిట్టకపోతే నానెవడితో మాటాడాల?" ఆ గొంతు ఈసారి అరవలేదు. బతిమాలింది.

*

తలుపు తీసి కాత్యాయనిని చూడగానే ఆయన మైకును తువాలులో దాచేశాడు. పోలీసులొచ్చారా అని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పి ఆమె గడపలోనే చేతులు జోడించింది. ఆయన ఇంకా బెదిరిపోయాడు. ఆ ఇంటి మనుషులు చేతులు జోడించడం మొదలుపెట్టాకే మాస్టారు మంచాన పడ్డాడు మరి.

సంగతంతా ఇమ్రానే మెల్లగా రాబట్టాడు. ల్యాబ్ వాళ్ళు విశ్వపతికి మైకులిచ్చి, నీతో ఎక్కువగా మాట్లాడేవాళ్ళకు పంచమన్నారు. భార్యకు, తల్లికి, కాలేజీ స్నేహితులకు ఇవ్వగా ఒకటి మిగిలింది. అది తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. రోజూ దీంట్లో తిట్టమన్నాడు. తిరిగి తీసుకునేటప్పుడు ల్యాబ్ వాళ్ళు బంధువులనూ స్నేహితులనూ అడిగి తీసుకున్నారు. ఈయన ఆ రెంటిలో దేనిలోనూ లేడు. శత్రువుకు మైకు ఇచ్చి ఉంటాడని ఎవరికీ తట్టలేదు.

"మాస్టారు కనపడ్డం మానేశాక ఊసుపోక ఇందులో మాటాడేవాణ్ణమ్మా," అన్నాడాయన నేల చూస్తూ. "ఇనపడతందో లేదో నాకేటి తెల్సు. మా ఇంటిది పోయాక నాతో రోజూ మాటాడినోడు ఆయనొక్కడే. తిట్టుకునేవోళ్ళమే అనుకో."

ఏ ముఖం చూసి కాత్యాయని తిక్క ముసలాడనుకుందో, ఆ ముఖాన్నే కళ్ళారా చూస్తూ ఉండిపోయింది. ఇన్ని వారాలుగా తన భర్తకు ఊపిరి పోసింది ఈ మనిషి. చేసిన మేలేమిటో ఆయనకే తెలియదు.

ఆయన్ని ల్యాబ్‌కు తీసుకెళ్తూ కారులో కాత్యాయని ఆయన పేరడిగింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. పేరు చెబితే కాగితాలకెక్కుతుందని, కాగితాలకెక్కితే కోర్టుకెక్కుతుందని ఆయన భయం. ఇన్నేళ్ళుగా నెత్తిన కాపురముండి కింది మనిషి పేరు తెలుసుకోనందుకు కాత్యాయని సిగ్గుపడి మళ్ళీ అడగలేదు.

*

ఎస్తేరు మండిపడుతుందనే ఆమె అనుకుంది. కానీ డైరెక్టరు ఆ ముసలాయన్ని కిందనుంచి పైదాకా చూసి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించింది.

"మూసేసిన లైనును నా అధికారంతో పది నిమిషాలు తెరవగలను," అంది కాత్యాయనితో. "ఆపైన తెరిచి ఉంచాలంటే గింజ పెట్టుకున్న మనిషే, ఆ గొంతెవరిదో తన నోటితో పేరు పెట్టి చెప్పాలి. ఊరూపేరూ లేనివాడు ఎవరి చెవిలోనూ మాట్లాడకూడదని ఈ రూలు రాసింది నువ్వే. యంత్రం దాన్ని దాటనివ్వదు."

"మనం పేరు అందించకూడదా?"

"అందిస్తే ఆయన మర్యాదకి మన మాటే తిరిగి అంటాడు. ఆయన మనసు పుట్టి చెప్పాలి. లేకపోతే మూసుకుంటుంది."

కింది ఫ్లాటు ఆయన అద్దానికి ఇవతల కూర్చుని మైకు పట్టుకున్నాడు. అద్దం అవతల మంచం మీది మనిషిని చూశాడు. తెర నల్లగా ఉండిపోయింది.

"తిట్టండి," అంది కాత్యాయని ఆయన చెవి దగ్గర.

"ఇలాగైపోయినోణ్ణి ఎలా తిడతానమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆకుపచ్చ గీత మరికాస్త జారింది. ఎస్తేరు లోపలికి వెళ్ళి విశ్వపతి మంచం పక్కన నిలబడింది. లైనులో మాట్లాడబోయేదెవరో తెలుసా అని అడిగింది.

"ఎవరో పెద్దమనిషి అయ్యుంటారండీ," అన్నాడు విశ్వపతి, సన్నగా, ఎంతో మర్యాదగా. "వారికి నా నమస్కారాలు చెప్పండి."

ఆ మాట స్పీకరులో ఇవతలికి వినిపించింది. ముసలాయన ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పెద్దమనిషా? నన్నంతావేటి? నాలుగేళ్ళు నా నెత్తి మీద లుంగీల నీళ్ళు పిండి, ఇప్పుడు నమస్కారాలంతావా? సిగ్గూ శరం ఉంటే లేచి నా కుర్చీకి గుడ్డెయ్యించు. లెక్కల మాస్టారంట. పైనించి నీళ్ళొదిల్తే కిందకే పడతాయని తెలీని మాస్టారు ఎక్కడైనా ఉంటాడా? నీకు పాఠాలు సెప్పినోణ్ణి సూపించు, ఆణ్ణి ముందు తంతాను."

తెర నిండా ఎరుపు. మధ్యలో పసుపు మెరుపులు. నీలం చుక్కయినా లేదు.

ముసలాయన రొప్పుతూ ఆగాడు. ఖాళీ. జవాబు కోసం ఎప్పుడూ వదిలే ఖాళీ.

విశ్వపతి పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. నుదుటి మీద ఏడాదిగా కనపడని ముడి ఒకటి పడింది. ఆకుపచ్చ గీత ఒక్క గెంతు గెంతింది. ఇంకోటి గెంతింది. డాక్టరు చేతిలోని ఇంజెక్షను పక్కన పెట్టేశాడు.

"కాతీ," అన్నాడు విశ్వపతి.

కాత్యాయని అద్దానికి ఆనుకుంది. ఆ పిలుపు విని ఏడాదైంది.

"ఇతన్ని లోపలికి రానిచ్చిందెవరు? నువ్వేనా?" అని కసిరాడు. గొంతులో బలం లేదు గానీ విసుగుంది. వడగట్టని విసుగు. "నా బట్టల కింద కుర్చీ వేసుకోమని ఇతనికెవరు చెప్పారో అడుగు. బాల్కనీలో అటు మూల ఖాళీగా ఏడుస్తోందిగా."

కాత్యాయని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు. తన ముందు నిలబడ్డ బనీను మనిషి చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"గడువు అయిపోతోంది," ఇమ్రాన్ హెచ్చరించాడు.

ఎస్తేరు మంచం మీదికి వంగింది. "విశ్వపతి గారూ, చెప్పండి. ఇన్నాళ్ళుగా మీ లైనులోకి దూరి గొడవ చేస్తున్నదెవరు?"

విశ్వపతి దిండు మీంచి తల ఎత్తడానికి ప్రయత్నించాడు. ఎత్తాడు. అద్దం అవతల తువాలుతో ముఖం తుడుచుకుంటున్న మనిషి వైపు వేలు చూపించాడు. తెర మీద అతని వైపు గీతలో చిన్నగా పసుపు వెలిగింది.

"ఇంకెవరు? ఆ కనపడుతున్నవాడే," అన్నాడు. "ఇప్పిలి పైడిరాజు."